మెరుగుపడుటయా? మెరుగుపరచుటయా?



ముప్పై రెండేళ్లు తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అటువంటివాడు ఇంగ్లీషు మాటల తారతమ్యాన్ని గురించి వ్యాసం రాయడమేమిటని మీకు అనుమానం కలగవచ్చు. నాకూ కలిగింది. కారణం చెబుతాను.

నేను పుట్టినది కోరుట్ల, చదువుకొన్నది జగిత్యాల, ఉద్యోగం చేసి స్థిరపడినది సిరిసిల్ల. ఈ మూడూ 2016 అక్టోబరు 11 దాకా ఒకే కరీంనగరు జిల్లాలో ఉండేవి. ఆనాటి విభజనలో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోకి, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వెళ్లాయి. నా ఉదాహరణలన్నీ ఈ మూడు ఊళ్ల చుట్టే తిరుగుతాయి. నేను కళ్లారా చూసిన లోకం అంతే.

పది రోజుల కిందట ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. "నమస్తే సారూ, మా బాపు మీ దగ్గర చదువుకున్నడు. ఈ దరఖాస్తు మీకు చూపెట్టి రమ్మన్నడు" అంటూ ఒక కాగితం చేతికిచ్చింది. తండ్రి పేరు చెప్పగానే పన్నెండేళ్ల పిల్లవాడి ముఖమొకటి కళ్ల ముందు కదిలింది. ఇప్పుడతడు నాలుగు సాంచెలు నడుపుకొనే ఆసామి. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. సేటు దగ్గర నూలు తెచ్చుకొని, తన సాంచెల మీద బట్ట నేసి, కూలి లెక్కన తిరిగి అప్పగించేవాడు ఆసామి. ఆ పాత సాంచెలకు కొత్త పరికరాలు బిగించుకొనడానికి బ్యాంకును అప్పు అడుగుతూ ఇంగ్లీషులో రాసిన దరఖాస్తు అది.

"బిడ్డా, నేను తెలుగు సారును గదా. ఇంగ్లీషు సారుకు చూపెట్టకపోయినవా?" అన్నాను.

"చూపెట్టిన సారూ, తప్పులు లేవన్నడు. కానీ మా సారు మాటను తూకమేసి చెప్తడు, ఒకసారి ఆయనను గూడ అడుగు అన్నడు బాపు."

కాగితం చదివాను. ఒక్క పుటలో ఇంప్రూవ్, ఎన్‌హాన్స్, డెవలప్, అప్‌గ్రేడ్, మోడర్నైజ్, బెటర్ అని ఆరు మాటలున్నాయి. సాంచెలు ఇంప్రూవ్ కావాలట, రాబడి ఎన్‌హాన్స్ కావాలట, కుటుంబం డెవలప్ కావాలట. ఇన్ని రకాల మాటలెందుకని అడిగితే, "ఒకటే మాట మళ్ల మళ్ల రాస్తే మంచిగుండదని ఇంటర్నెట్ల వెతికి మార్చిన సారూ. అన్నిటికీ అర్థం ఒకటే గద" అన్నది.

రెండు రోజులు గడువు అడిగి పంపించాను. ఆ రెండు రోజులూ నిఘంటువులు ముందేసుకొని కూర్చున్నాను. అప్పుడు నాకు తోచిన సంగతులే ఇవి.

ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి వీలు లేదు. ఆ అలవాటు మనమే చేశాము. కార్యాలయాల తెలుగులో డెవలప్‌మెంటు అభివృద్ధి, ఇంప్రూవ్‌మెంటు అభివృద్ధి, ప్రోగ్రెస్ కూడా అభివృద్ధే. రోడ్డు వెడల్పు చేస్తే అభివృద్ధి, పాత బడికి సున్నం వేస్తే అభివృద్ధి, వడ్ల గింజ మారితే అభివృద్ధి పరచిన వంగడం. ఆరు మాటలనూ ఒకే మూటలో కట్టి పెట్టినవాళ్లం మనం. ఆ మూటలో చెయ్యి పెట్టి ఏది దొరికితే అది తీసి రాసిన పిల్లను ఏమనగలం?

అయితే ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి పనిచేసేవి కావు. ఒక్కొక్క మాట చాటున ఒక్కొక్క ప్రశ్న దాగి ఉన్నది.

ముందుగా ఇంప్రూవ్. దీని పుట్టుక విచిత్రమైనది. పాత ఫ్రెంచిలో లాభమని అర్థమిచ్చే 'ప్రూ' అనే మాట దీనికి మూలం. ఆస్తిని లాభసాటిగా మార్చుకొనడమే తొలినాటి అర్థం. ఇంగ్లండులో భూస్వాములు ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేసి సాగులోకి తెచ్చుకొన్నప్పుడు ఆ పనికి ఇంప్రూవ్‌మెంటనే పేరు పెట్టారు. కంచె లోపలివాడికి లాభమే. నిన్నటిదాకా ఆ బీటిలో ఆవును మేపుకొన్నవాడికి మాత్రం ఉన్నది ఊడింది. మన దేశంలోనూ బావులు తవ్వుకొనడానికి, నేలను సాగుకు తెచ్చుకొనడానికి అప్పులిచ్చేందుకు బ్రిటిషు ప్రభుత్వం 1883లో ఒక చట్టం చేసింది. దాని పేరులో ల్యాండు, ఇంప్రూవ్‌మెంటు, లోన్సు అనే మూడు మాటలూ వరుసగా కూర్చున్నాయి. మెరుగు పక్కనే అప్పు. ఇప్పటి వాడుకలో ఇంప్రూవ్ అంటే మునుపటికంటె మంచి స్థితికి రావడమనే అర్థం స్థిరపడింది, నిజమే. కాని ఎవరికి మంచి అన్న పాత ప్రశ్న దాని కింద ఇంకా బతికే ఉన్నది.

మా జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానమున్నది. అక్కడ పుట్టిన వరి వంగడాలకు జె.జి.ఎల్. అనే అక్షరాలు జగిత్యాల గుర్తుగా ముందుంటాయి. వాటిలో జె.జి.ఎల్. 1798 అనే రకాన్ని రైతులు 'జగిత్యాల సన్నాలు' అంటారు. శాస్త్రవేత్తల పత్రాలలో ఇటువంటి వాటన్నిటికీ ఇంప్రూవ్డ్ వెరైటీ అన్నదే సామాన్య నామం. రైతు పెట్టుకొన్న పేరు చూడండి. మెరుగైనదని అతడు అనలేదు, సన్నమైనదన్నాడు. గింజ గుణమే పేరైంది. అంగడిలో ఆ గుణానికే ధర. ఇక్కడ నాకొక సూత్రం దొరికింది. మెరుగుదలను తెలిపే ఏ మాట వేయాలా అని తడుముకొనే ముందు, ఆ మాటను తీసివేసి గుణమేదో నేరుగా చెప్పగలమా అని చూడాలి. చెప్పగలిగితే ఆ మాట అక్కరే లేదు.

రెండవది అప్‌గ్రేడ్. గ్రేడు అంటే మెట్టు. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో అప్‌గ్రేడ్ అంటే మిట్టకు ఎక్కే దారి. కావున ఈ మాట వాడేటప్పుడు ఎన్నో మెట్టు నుండి ఎన్నో మెట్టుకు అన్నది తెలిసి ఉండాలి. దీనికి మా కోరుట్లలోనే మంచి ఉదాహరణ ఉన్నది. అక్కడ పశువైద్య కళాశాల ఉన్నది. పశువుల శాస్త్రంలో ఊరి బర్రెకు ముర్రా జాతి దున్నతో సంకరం చేయించి, పుట్టిన పెయ్యకు మళ్లీ ముర్రాతోనే సంకరం చేయించుకుంటూ పోయే పద్ధతిని గ్రేడింగ్ అప్ అంటారు. మొదటి తరంలో సగం ముర్రా రక్తం, రెండవ తరంలో నూటికి 75 పాళ్లు, మూడవ తరంలో 87.5, నాలుగవ తరంలో 93.75. ప్రతి మెట్టుకూ లెక్క ఉన్నది. అంగడిలో బర్రెను బేరమాడే రైతు కూడా 'గ్రేడెడ్ ముర్రా' అన్న మాటను ఆ ఎరుకతోనే అంటాడు. అప్‌గ్రేడ్ అనే మాటకు ఈ లెక్కే ప్రాణం. లెక్క చెప్పకుండా వాడితే అది ఉత్త డప్పు.

మరమగ్గాల లోకంలోకి ఈ మాట పథకాల ద్వారా వచ్చింది. 1999లో కేంద్ర ప్రభుత్వం వస్త్ర పరిశ్రమ కోసం ప్రారంభించిన సాంకేతిక పథకం పేరులో అప్‌గ్రేడేషన్ ఉన్నది. ఇది ఎక్కువగా మన దేశపు ఇంగ్లీషులో వినబడే రూపం. పాత సాంచాను పారవేయకుండా ఉన్నచోటనే దానికి పరికరాలు తగిలించే పథకానికీ అదే మాట పెట్టారు. సాంచా విషయంలో ఇది సరియైన మాటేనని ఒప్పుకొంటాను. ఇప్పుడున్న మామూలు సాంచాలో పడుగు పోగు తెగినా యంత్రం నడుస్తూనే ఉంటుంది. మనిషి చూసి ఆపేలోగా జానెడో బారెడో బట్ట చెడిపోతుంది. పోగు తెగగానే దానంతటదే ఆగే పరికరం బిగిస్తే సాంచా ఒక మెట్టు ఎక్కినట్టే. ఇది కంటికి కనబడే మెట్టు.

కాని మెట్టెక్కినది సాంచా. దాని ముందు నిలబడ్డ మనిషి ఎక్కాడా? తనంతట తాను ఆగే సాంచెలైతే నలుగురు చూసే పనిని ఇద్దరు చూడవచ్చు. ఆ ఇద్దరికీ కూలి పెరగవచ్చు. మిగిలిన ఇద్దరి సంగతి అప్‌గ్రేడ్ అనే మాటలో లేదు. అది యంత్రం మాట. మనుషులకు వాడే ముందు ఆలోచించాలి.

మూడవది ఎన్‌హాన్స్. ఎత్తు అని అర్థమిచ్చే లాటిను మాట దీనికి మూలం. ఉన్నదానిని ఇంకా పైకెత్తడం. ఎత్తినది మంచిదే కావాలన్న నియమం దీనికి లేదు. న్యాయస్థానాల భాషలో నష్టపరిహారం ఎన్‌హాన్స్ అవుతుంది, శిక్ష కూడా ఎన్‌హాన్స్ అవుతుంది. శిక్ష పెరగడం శిక్ష పడ్డవాడికి మెరుగు కాదు గదా. మా దగ్గరి మధ్య మానేరు జలాశయం కింద ఊళ్లు మునిగాయి. పరిహారం చాలలేదని, పెంచమని నిర్వాసితులు అడిగారు. పెంచితే ఆ సొమ్ము ఎన్‌హాన్స్ అయినట్టు. అంతమాత్రాన నీళ్ల కింది ఊరు ఇంప్రూవ్ అయినట్టు కాదు. రెండు మాటల నడుమ దూరం తెలియాలంటే అక్కడ ఇల్లు పోయిన మనిషిని అడగాలి.

నాలుగవది డెవలప్. దీని మూలార్థం చుట్టిన దానిని విప్పడం. లోపల మడతపడి ఉన్నది తెరుచుకొని బయటికి రావడమన్నమాట. హిందీవారు దీనికి 'వికాస్' అన్నారు. మొగ్గ విచ్చుకొనడం. మూలానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. మనం మాత్రం అభివృద్ధి అన్నాము. ఒకే హోదా గల అధికారి హిందీ ప్రాంతంలో ఖండ వికాస అధికారి, మన దగ్గర మండల పరిషత్ అభివృద్ధి అధికారి. అక్కడ విచ్చుకొనడం, ఇక్కడ పెరగడం. పండిత శిక్షణలో మేము చదివిన మనోవిజ్ఞాన పాఠంలో పెరుగుదల వేరు, వికాసం వేరు అని మొదటి వారంలోనే చెప్పేవారు. ఎత్తు, బరువు కొలతకు అందే పెరుగుదల. మాట, ఆలోచన, ఓర్పు వికాసం. పిల్లవాడి విషయంలో మరువని భేదాన్ని ఊరి విషయంలో ఎందుకు మరిచామో తెలియదు.

ఇక వృద్ధి అనే మాటలోనికి వెళ్తాను. పాణిని అష్టాధ్యాయిలో మొట్టమొదటి మాట వృద్ధి. శుభప్రదమైన మాట కాబట్టి గ్రంథాదిని నిలిపాడని పతంజలి వివరించాడు. ఏకైక, రసౌచిత్యం అంటూ వృద్ధి సంధిని నేను వేలమందికి నేర్పాను. అయితే ఇదే వృద్ధికి సంస్కృతంలో మరొక అర్థమున్నది, అప్పు మీద పెరిగేది. చక్రవృద్ధి అంటే మన చక్రవడ్డీయే. మన వడ్డి అనే మాట వృద్ధి నుండి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవం. అంటే అభివృద్ధిలోని వృద్ధి, వడ్డీ ఒకే తల్లి బిడ్డలు.

ఈ వ్యుత్పత్తిని తరగతిలో చెప్పినప్పుడు అది నాకు చమత్కారంగా ఉండేది. సిరిసిల్లలో చమత్కారం మిగలలేదు. 2000వ దశకపు తొలి ఏళ్లలో నూలు ధర, కరెంటు బిల్లు, పని లేని రోజులు కలిసి నేతన్నల మెడకు చుట్టుకొన్నాయి. అప్పులు తీర్చలేక ఎందరో ప్రాణాలు తీసుకొన్నారు. ఆ రోజుల్లోనే గోడల మీద, వేదికల మీద అభివృద్ధి అనే మాట మోగుతూ ఉండేది. వేదిక మీద వృద్ధి, గుడిసెలో వడ్డీ. ఆ తరువాత బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు నడిచింది, 2017 నుండి కొన్నేళ్లు బతుకమ్మ చీరల పని దొరికింది. పని దొరికిన ఏడాది పొయ్యి వెలిగింది, దొరకని నెల మళ్లీ అప్పు. ఏది వృద్ధి పొందినదో చూడకుండా అభివృద్ధి అనే మాటను పలకడానికి అప్పటి నుండి నా నోరు రాదు.

మోడర్నైజ్‌ను గురించి రెండే మాటలు. లాటినులో 'ఇప్పుడే' అన్న అర్థంగల పదం నుండి మోడర్న్ వచ్చింది. సంస్కృతంలో 'అధునా' అంటే ఇప్పుడు, దాని నుండి ఆధునికం. రెండు భాషలూ చెప్పేది ఇప్పటిది అని మాత్రమే, మంచిది అని కాదు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన చేతులు సిరిసిల్లవి. ఆ చీర ఏ యుగానికి చెందిందని అడిగితే ఏం చెబుతాము?

ఆ అమ్మాయి కాగితంలో లేని మాట ఇంకొకటి ఉన్నది, రిఫార్మ్. మనం సంస్కరణ అంటాము. తిరిగి రూపు దిద్దడమని దాని భావం. రూపు ఎవరి చేతిలో ఉన్నది అన్నదే అక్కడి ప్రశ్న. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలిన రోజున నేను అక్కడ విద్యార్థిని. వాళ్లు ఆ కదలికకు సంస్కరణ అని పేరు పెట్టుకోలేదు, జైత్రయాత్ర అన్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఒకే నేల మీద, అయిదేళ్ల వ్యవధిలో మూడు మాటలు. ఏ మాట ఎవరి నోటిదో అప్పుడే నాకు మొదటిసారి పట్టుబడింది.

"మాటల్లో ఏమున్నది పంతులూ, పని జరిగితే చాలదా" అనే మిత్రులు నాకున్నారు. పని జరిగితే చాలునన్నది నిజమే. కాని ఏ పని జరగాలో, ఎవరు చేయాలో నిర్ణయమయ్యేది ముందుగా కాగితం మీద, మాటలతోనే. కాగితం మీద కర్త లేకపోతే పొలంలోనూ, సాంచా దగ్గరా కర్త ఉండడు.

ఇక్కడే మన తెలుగు గొప్పతనమొకటి చెప్పాలి. మనకు మేలు ఉన్నది. అది పైన అనే అర్థంగల ద్రావిడ ధాతువు నుండి వచ్చింది. మేలుకట్టులో ఆ పాత అర్థం ఇంకా ఉన్నది. బాగు ఉన్నది. పాడైన దానిని సరిచేయడం, జబ్బు తగ్గించడం, నేలను సాగుకు తేవడం, అన్నీ బాగుచేయడమే. మా తెలంగాణలో దురస్తు కూడా ఉన్నది. మెరుగు ఉన్నది. మెఱయు, మెఱుపు, మెఱుగు ఒకే కుటుంబం. కంసాలి నగకు మెరుగు పెడతాడు. లోపల బంగారం ఉన్నదని నమ్మినవాడే మెరుగు పెడతాడు.

వీటిని మించినది మన క్రియల ఏర్పాటు. ఇంగ్లీషులో ఇంప్రూవ్ అన్న ఒక్క క్రియే అకర్మకం, అదే సకర్మకం. తానే మెరుగు కావడమూ ఇంప్రూవే, మరొకరిని మెరుగు చేయడమూ ఇంప్రూవే. తెలుగులో అట్లా కుదరదు. మెరుగుపడు, మెరుగుపరచు. బాగుపడు, బాగుపరచు. పడు అంటే భారం ఆ మనిషిదే. పరచు అంటే చేసేవాడు వేరే ఉన్నాడు, అతడెవరో చెప్పి తీరాలి. బడి పిల్లల ఇంగ్లీషు ప్రోగ్రెస్ కార్డులలో 'నీడ్స్ ఇంప్రూవ్‌మెంటు' అని రాస్తారు. మెరుగు కావలసిన అవసరమున్నదని మాత్రమే దాని భావం. ఎవరు చేయాలో అందులో లేదు. తెలుగులో రాసేవాడికి ఆ చాటు లేదు. పడు రాయాలో పరచు రాయాలో తేల్చుకోవలసిందే.

నేను తేల్చుకొన్న తీరు ఇప్పుడు చెబుతాను.

1993లో ఆ అమ్మాయి తండ్రి నా ఏడవ తరగతిలో ఉండేవాడు. నేనే తరగతి ఉపాధ్యాయుణ్ణి. ఆ పిల్లవాడు మొదటి గంటలోనే కునికేవాడు. లేపి నిలబెట్టేవాణ్ణి. నిలబడి కూడా కునికేవాడు. త్రైమాసిక పరీక్షల తరువాత కార్డులో 'మెరుగుపడవలెను' అని రాశాను. అర్ధవార్షిక పరీక్షల తరువాత మళ్లీ అదే మాట, కింద ఎర్ర సిరాతో ఒక గీత కూడా. తండ్రి వేలిముద్ర వేసి పంపించాడు. సంక్రాంతి సెలవులయ్యాక ఆ పిల్లవాడు బడికి రాలేదు. కొన్నాళ్లు చూసి హాజరు పట్టికలో పేరు కొట్టివేశాను.

రాత్రిపూట సాంచెల దగ్గర కండెలు చుట్టి, తెల్లవారుజామున పడుకొని బడికి వచ్చేవాడని తోటి పిల్లలు తరువాత ఎప్పుడో చెప్పారు. మేనమామ వెంట భివండికి పోయాడని కూడా వాళ్లే చెప్పారు. వాళ్ల ఇల్లు మా బడికి అర మైలు లేదు. ఒక్క సాయంత్రం ఆ గడప దాకా పోయి ఉంటే నాకు తెలిసేది. నేను పోలేదు. తెలుగు వ్యాకరణం తెలిసినవాణ్ణి, పడు ధాతువు చాటున నిలబడ్డాను.

దరఖాస్తు ఇచ్చి లేచి పోతూ ఆ అమ్మాయి ఒక మాట అన్నది. "మీరు రాసిన కార్డు బాపు ఇప్పటికీ దాచిపెట్టుకున్నడు సారూ. నాకు, తమ్మునికి చూపెట్టి, మా సారు రెండు సార్లు చెప్పిండు, నేనే వినలేదు, మీరన్నా చదువుకోండ్రి అంటడు."

నేనేమీ అనలేకపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి నా తప్పును తన తప్పుగా మోస్తున్నాడు. మోయించినది నేను రాసిన క్రియ.

రెండు రోజుల తరువాత ఆమె వచ్చినప్పుడు ఇద్దరం కూర్చొని దరఖాస్తును తిరిగి రాశాము. ప్రతి మాట దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకొన్నాము. ఇంతకుముందు ఏమున్నది? ఇప్పుడు ఏది మారుతుంది? ఎవరు మారుస్తారు, ఎవరికి మేలు? జవాబులు రాస్తూ పోతే ఆరు మాటలలో నాలుగు వాటంతటవే రాలిపోయాయి. పోగు తెగినా ఆగని సాంచెలు నాలుగున్నాయని, ఆగే పరికరం బిగిస్తే చెడిపోయే బట్ట తగ్గుతుందని రాశాము. అప్‌గ్రేడ్ ఒక్కసారి ఉంచాము. అక్కడ మెట్టు ఉన్నది, పథకం పేరూ అదే. రాబడికి ఎన్‌హాన్స్ తీసివేసి, పెరుగుతుందన్న అర్థంలో మామూలు ఇంగ్లీషు మాట వేసింది. ఇంప్రూవ్‌ను మాత్రం ఉంచుదామని ఆమే పట్టుబట్టింది. "సాంచెల చప్పుడుకు బాపుకు చెవులు సరిగ వినబడుత లేవు సారూ. సాంచెల కొట్టంల గాలి, వెలుతురు ఇంప్రూవ్ చేస్తమని రాద్దాం" అన్నది. చేసేవారెవరో ఆ వాక్యంలో ఉన్నారు, మేలు ఎవరికో ఉన్నది. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కుటుంబం డెవలప్ అవుతుందన్న వాక్యాన్ని తీసివేసి, తమ్ముడు చదువు మానకుండా ఉంటాడని రాసింది.

బ్యాంకు అప్పు ఇస్తుందో లేదో నేను చెప్పలేను. ఇచ్చినా దానికీ వడ్డీ ఉంటుందని, వాయిదాల లెక్క తండ్రితో కూర్చొని రాసుకొమ్మని మాత్రం చెప్పాను.

ఇప్పుడు బడులలో పనిచేస్తున్న సోదర ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటే. కార్డులో 'మెరుగుపడవలెను' అని రాయబోయే ముందు కలం ఒక్క క్షణం ఆపండి. పరచవలసినవారు ఎవరైనా ఉన్నారేమో, అది మనమేనేమో చూసుకోండి. అధికారులూ, నాయకులూ అభివృద్ధి అన్నప్పుడు కూడా ఇదే పరీక్ష. పడేదెవరు? పరచేదెవరు? ఆ రెండూ చెప్పలేని వాక్యంలో ఏ మాట వేసినా ఒకటే.

దరఖాస్తుతో పాటు ఆమె తండ్రికి నేను వేరే కాగితం మీద తెలుగులో నాలుగు వరుసలు రాసి పంపాను. ఆ కార్డులోని మాటకు సవరణ అది. తప్పు నాదని అందులో స్పష్టంగా రాశాను. వచ్చే ఆదివారం వాళ్లింటికి వస్తానని కూడా రాశాను. ఆ అర మైలు నేను నడవవలసి ఉన్నది.

వ్యుత్పత్తులలో పొరపాట్లుంటే విజ్ఞులు మన్నించి తెలుపగలరు.

స్వస్తి.